పొద్దటి రెండు గంటలు బడికి వదిలేయండి

సర్కారు ప్రాథమిక పాఠశాలలో పిల్లలకు చదువు రావడం లేదన్న చర్చ మన దగ్గర ఎక్కడ మొదలైనా రెండు ఆరోపణల మధ్యే తిరుగుతుంది. సార్లు చెప్పడం లేదని ఒకరంటారు, తల్లిదండ్రులు పట్టించుకోవడం లేదని ఇంకొకరంటారు. రెండింటిలోనూ ఎంతో కొంత నిజం ఉండవచ్చు గాని, ఒక పనిదినంలో తెలుగు చదవడానికీ లెక్కలు చేయడానికీ అసలు ఎంత సమయం దక్కుతోందో చూడకుండా ఎవరిని తప్పుపట్టినా అది ఉత్త మాటే అవుతుంది. మా మేనకోడలు చదివే బడి వరంగల్ జిల్లా వర్ధన్నపేట వైపు ఉంటుంది. పెద్ద టీచరమ్మ అనుమతి తీసుకొని ప్రార్థన మొదలుకొని చివరి గంట కొట్టే దాకా అక్కడే కూర్చొని చూశాను. ఊరి పేరు మాత్రం రాయను, రాస్తే మాట పడేది ఆ టీచర్లే.

ఐదు తరగతులకు పిల్లలు నలభై మందికి కాస్త పైన, ఉపాధ్యాయులు ఇద్దరు. చట్టప్రకారం ఇందులో లోటేమీ లేదు, ఎందుకంటే 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో 60 మంది దాకా ఇద్దరు ఉపాధ్యాయులు ఉంటే చాలంటుంది. ఆ చట్టం తలలను లెక్కపెట్టింది గాని తరగతులను లెక్కపెట్టలేదు. ఒకటో తరగతి పిల్లవాడు 'అ' దిద్దుతున్న గదిలోనే రెండో తరగతి అమ్మాయికి ఒత్తులు నేర్పాలి, పక్క గదిలో మూడు, నాలుగు, ఐదు తరగతులను ఒకే నల్లబల్ల ముందు కూర్చోబెట్టి ఒకరికి తీసివేత, ఒకరికి భాగహారం, ఇంకొకరికి భిన్నాలు చెప్పాలి. ఇది అలవిగాని పనేమీ కాదు, ఆ ఇద్దరు టీచర్లూ చేయగలరని నా కళ్ళతో చూశాను. కానీ చేయనిస్తే కదా!

ప్రార్థన ముగిసి పిల్లలు గదుల్లోకి వచ్చాక మొదలైంది హాజరు. రిజిస్టరులో ఒకసారి రాసి, ఫోన్‌లో ముఖ గుర్తింపు యాప్ తెరిచి పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టి మళ్ళీ ఒకసారి తీసుకోవాలి. గదిలో సిగ్నల్ అందక టీచరు పిల్లలను వేపచెట్టు కిందికి తీసుకెళ్ళారు. అది ముగిసేసరికి భోజనాల సంఖ్య అడుగుతూ వంటామె వచ్చింది, ఆ వెంటనే వాట్సాప్ గ్రూపులో ఏదో నమూనాలో వివరాలు గంటలోపు పంపాలని సందేశం వచ్చింది. ఇంతసేపూ పిల్లలు ఏం చేస్తున్నారంటే, నల్లబల్ల మీద రాసి ఉంచిన పాఠాన్ని చూచిరాత రాస్తున్నారు. తేదీ వేసి, శీర్షిక కింద ఎర్రగీత కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీలు నింపుతున్నారు. తల్లిదండ్రులం మనం సాయంత్రం సంచీ తెరిచి చూసుకొని మురిసిపోయేది ఆ పేజీలనే.

మూడో తరగతి అబ్బాయి ఒకడిని పాఠం చదవమన్నాను. గడగడా చదివాడు. తర్వాత పేరా మధ్యలో 'చెట్టుకొమ్మ' అన్న పదం మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగాను. వాడు ఆ పదం వైపు చూడలేదు. పాఠం మొదటి వాక్యానికి వెళ్ళి, లోలోపల అప్పజెప్పుకుంటూ, వేలితో ఒక్కో పదం దాటుకుంటూ నా వేలి దాకా వచ్చి 'చెట్టుకొమ్మ' అన్నాడు. తప్పు చెప్పలేదు, కానీ చదవనూ లేదు. 'ట' కింద ఉన్న ఒత్తు వాడికి ఒక గుర్తే గాని ధ్వని కాదు. అదే గుర్తును వాడు నోటుపుస్తకంలో ఎంత అందంగా వేశాడో చూస్తే ఎవరైనా వీడికి చదువు వచ్చిందనే అనుకుంటారు. చూచిరాతతో చేతిరాత కుదురుతుంది. అంతకు మించి ఆశించకూడదు. గుణింతం, ఒత్తు పట్టుబడాలంటే ఒకరు పక్కన కూర్చొని, పిల్లవాడు నోరు తెరిచి కూడబలుక్కుంటుంటే విని, ఎక్కడ ఆగాడో అక్కడ ఆగి సరిచేయాలి, దానికి అడ్డదారి లేదు.

ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డా చదవాలి, లెక్క చేయాలి అని కేంద్రం 2021 జూలైలో నిపుణ్ భారత్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది, అదే ఉద్దేశంతో మన తెలంగాణ 2022లో తొలిమెట్టు తెచ్చింది. రెండో తరగతి బిడ్డ నిమిషానికి 45 నుంచి 60 పదాలు చదవాలని, 999 వరకు సంఖ్యలు గుర్తుపట్టాలని, మూడో తరగతికి 9999 దాకా రావాలని లక్ష్యాలు పెట్టారు. నిమిషానికి ఇన్ని పదాలన్న కొలత తెలుగుకు పూర్తిగా అతకదు, 'ఆడుకుంటున్నారు' లాంటి మాటను ఒక్క పదంగా లెక్కగడితే పిల్లల మీద బరువు పెరుగుతుంది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ చిన్న తరగతుల పిల్లల చదువు మీద సర్వే చేసినప్పుడు ఏ భాషకు ఆ భాషగా ప్రమాణాలు పెట్టింది ఇందుకే. అయినా లక్ష్యాల మీద నాకు పేచీ లేదు. ఆ లక్ష్యం చేరడానికి కావలసిన గంటలను తినేస్తున్నది, ఆ లక్ష్యం ఎంతవరకు వచ్చిందో అప్‌లోడ్ చేయమనే పనే కావడం మీదే నా అభ్యంతరమంతా.

లెక్కల పీరియడ్ దగ్గర ఇంకాస్త ఆగాలి. బల్ల మీద 52 రాసి కింద 17 తీసేయమంటే, మూడో తరగతిలో నేను చూసిన పలకల్లో సగానికి పైగా 45 అని ఉంది. ఎట్లా వచ్చిందని ఒక అమ్మాయిని అడిగితే, "పెద్ద దాంట్లకెల్లి చిన్నది తియ్యాలె గద సార్, ఏడులకెల్లి రెండు తీస్తే ఐదు" అని నమ్మకంగా చెప్పింది. ఆ జవాబులో అజాగ్రత్త లేదు, ఒకప్పుడు ఒంటి అంకెలతో నేర్పిన సూత్రాన్ని ఆ బిడ్డ ఇక్కడ కూడా నిజాయితీగా వాడింది. టీచరమ్మ ఆమెను తిట్టలేదు. చీపురుపుల్లలు పదేసి చొప్పున రబ్బరుబ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు ముందు పెట్టి, ఇందులోంచి పదిహేడు నాకివ్వమన్నారు. అమ్మాయి ఒక కట్ట ఇచ్చింది, విడివి రెండూ ఇచ్చింది, ఇంకా ఐదు కావాలని తెలిసి కాసేపు కట్టల వైపు చూసి, ఒకదాని రబ్బరు తానే ఊడదీసింది. మిగిలినవి లెక్కపెట్టి 35 అంది. తర్వాత పలక మీది 45ను చూసి తుడిచేసింది. ఐదును కొట్టి నాలుగు వేయడం, రెండును పన్నెండు చేయడం ఎందుకో ఆమెకు ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక్క బిడ్డకు పట్టిన సమయం పది నిమిషాలు దాటలేదు. కానీ అట్లాంటి పది నిమిషాలు మిగతా పిల్లలకు ఆ రోజు దొరకలేదు, ఎందుకంటే అప్పటికే భోజనం గంట కొట్టారు.

ఇదే అమ్మాయి ఆదివారం అంగట్లో తల్లి పక్కన కూర్చొని కూరగాయలకు చిల్లర తప్పు లేకుండా ఇస్తుందట. ఆశ్చర్యపోనక్కర్లేదు. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో పనిచేసే పిల్లల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన అధ్యయనం 2025లో నేచర్ పత్రికలో వచ్చింది. బేరంలో పెద్ద లెక్కలు నోటితో తేల్చే ఆ పిల్లలు బడి పద్ధతిలో రాసిన చిన్న లెక్క దగ్గర తడబడ్డారు, బడి లెక్కలు వచ్చిన పిల్లలేమో బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఈ రెంటినీ కలపడమే ప్రాథమిక ఉపాధ్యాయుల అసలు పని, అది వర్క్‌బుక్ ఖాళీలు నింపితే జరిగేది కాదు.

ఇంగ్లీషు మీడియం సంగతి ఇక్కడ ఎక్కువ ఎత్తను. 2022-23 నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు ఇస్తున్నారు, ఆ ఆలోచన మంచిదే. అయితే ఇంట్లో లంబాడీ మాట్లాడే తండా పిల్లలకూ, ములుగు వైపు కోయ పిల్లలకూ ఆ రెండు పేజీలూ పరాయివేనని గుర్తుంచుకోవాలి. వాళ్ళకు ఇంకా ఎక్కువ సమయం కావాలి, దొరుకుతున్నది అందరికంటే తక్కువ.

సమయం పోయేది రోజువారీగా మాత్రమే కాదు. 2024 నవంబరులో ఇంటింటి కులగణన సర్వేకు ప్రాథమిక బడుల్లో చెప్పే సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్‌జీటీలను) పంపి ప్రాథమిక బడులను ఒంటిపూటకు కుదించారు. సర్వే అవసరమే కావచ్చు, నేను దానికి వ్యతిరేకిని కాను, కానీ హైస్కూళ్ళను వదిలి చిన్నపిల్లల బడినే ఎందుకు పట్టుకున్నారు? టీచరు పోస్టులదీ అదే కథ. 2017లో 8,792 పోస్టుల నోటిఫికేషన్ తర్వాత మళ్ళీ నియామకాల దాకా వచ్చింది 2024లో 11,062 పోస్టులకు. ఆ మధ్యలో ఒకటో తరగతిలో చేరిన పిల్లలు ప్రాథమిక బడి దాటి వెళ్ళిపోయారు. నాట్ల వేళకు కాలువ బంద్ పెట్టి కోతలప్పుడు నీళ్ళు వదిలితే ఏం లాభం?

అందుకే నేను అడిగేది కొత్త పథకం కాదు. బడి మొదలైనప్పటి నుంచి రెండు గంటలు, అంటే ఒక గంట తెలుగు, ఒక గంట లెక్కలు, ఆ సమయంలో టీచరు ఫోన్ బీరువాలో ఉండాలి. వంటకు పిల్లల సంఖ్య పొద్దున్నే కావాలి, నిజమే, దానికి ఒక చీటీ మీద అంకె రాసి పంపితే సరిపోతుంది. ఫొటోలు, నమూనాలు, యాప్‌లో నమోదు భోజనం తర్వాత చేస్తే కొంపలేమీ మునగవు. మండల స్థాయి నుంచి గాని జిల్లా స్థాయి నుంచి గాని గంటలోపు వివరాలు పంపాలన్న సందేశం మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు రాకూడదని ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. దానికి బడ్జెట్ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు, కాగితం ఒకటి ఖర్చవుతుంది. బడుల బాగోగులు చూసే మన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు రంగులు, కుళాయిల గురించి తీర్మానాలు చేస్తున్నట్టే ఈ విషయం మీద కూడా తీర్మానం చేసి మండల విద్యాధికారికి (ఎంఈఓకు) పంపవచ్చు. మా ఊరి కమిటీలో ఉన్న ఇద్దరు అక్కలతో మాట్లాడాను, వచ్చే సమావేశంలో పెడతామన్నారు.