గంధకం లెక్క ముందే తేలాలి

కాకినాడ, విశాఖ తీరాన్ని పెట్రోలియం, పెట్రోరసాయన పరిశ్రమల కేంద్రంగా మారుస్తామన్న మాట పదిహేనేళ్లకు పైగా వింటూనే ఉన్నాం. కొత్త చమురుశుద్ధి కర్మాగారం ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ పెట్టుబడి ఎన్ని వేల కోట్లు, ఉద్యోగాలు ఎన్ని, భూమి ఎన్ని ఎకరాలు అన్న మూడు సంగతులే చర్చలో నలుగుతాయి. అక్కడికి వచ్చే ముడిచమురులోని గంధకం ఎటు పోతుంది, దాన్ని పట్టే యూనిట్‌కు ఎవరు రూపకల్పన చేస్తారు, అది ఆగిపోయిన రోజున ఏం చేస్తారు అని అడిగేవారు కనిపించరు. డెల్టా ప్రజల ఊపిరితోనూ, కాలువ నీటితోనూ అన్నిటికన్నా దగ్గర సంబంధం ఉన్న ప్రశ్న ఇదేనని మేము నమ్ముతున్నాం.

ఈ ప్రశ్న మనకు కొత్తగా తోచడానికి కారణం లేకపోలేదు. కృష్ణా గోదావరి బేసిన్‌లో దొరికే చమురు, సహజవాయువుల్లో గంధకం తక్కువ. తాటిపాకలో 2001 నుంచి నడుస్తున్న మినీ రిఫైనరీ సామర్థ్యం ఏడాదికి 66 వేల టన్నులు మాత్రమే. గాడిమొగకు 2009లో సముద్రగర్భం నుంచి గ్యాస్ వచ్చినప్పుడు గానీ, 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతు సముద్రపు క్షేత్రం నుంచి చమురు తీయడం మొదలుపెట్టినప్పుడు గానీ గంధకం పెద్ద సమస్యగా మన ముందుకు రాలేదు. పెద్ద రిఫైనరీ సంగతి వేరు. అది నడిచేది ఎక్కువగా గల్ఫ్ దేశాల నుంచి ఓడల్లో వచ్చే ముడిచమురుతో. అందులో నూటికి రెండు, మూడు పాళ్లు గంధకం ఉండడం సాధారణం. విశాఖ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 83 లక్షల టన్నుల నుంచి కోటిన్నర టన్నులకు పెంచారు. అంత సామర్థ్యమున్న కర్మాగారం రెండు శాతం గంధకం ఉన్న చమురునే వాడితే, ఏడాదికి మూడు లక్షల టన్నుల గంధకం లోపలికి వస్తుందన్నమాట. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 ప్రమాణాల ప్రకారం పెట్రోలు, డీజిల్‌లలో కిలోకు 10 మిల్లీగ్రాములకు మించి గంధకం ఉండకూడదు. అంతకు ముందు ఆ హద్దు 50. అంటే మన బైకుల, లారీల పొగలోంచి తప్పించిన గంధకమంతా కర్మాగారం ప్రహరీ లోపలే పేరుకుంటుంది. నగరాల గాలి కొంత తేలికపడినందుకు సంతోషించవలసిందే. అయితే ఆ బరువు ఇప్పుడు రిఫైనరీ పక్కనున్న ఊళ్ల వైపు తిరిగింది.

హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు ఇంధనంలోని గంధకం హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా బయటపడుతుంది. అమైన్ ద్రావణం దాన్ని పీల్చుకుని, వేడి చేసినప్పుడు వదిలిపెడుతుంది. ఆ విషవాయువును మళ్లీ గంధకంగా మార్చే పద్ధతికి కార్ల్ ఫ్రెడరిక్ క్లాస్ అనే రసాయన శాస్త్రవేత్త 1883లో పేటెంట్ పొందారు. ఎన్నో మార్పులు జరిగినా ప్రపంచమంతటా రిఫైనరీలు నేటికీ ప్రధానంగా ఆధారపడుతున్నది దాని మీదే. వాయువులో మూడో వంతును ఫర్నేస్‌లో వెయ్యి డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చి సల్ఫర్ డయాక్సైడ్‌గా మార్చడం, మిగిలిన రెండు వంతులను దానితో కలిపి గంధకం, నీటి ఆవిరి పుట్టించడం అందులోని కీలకం. కాగితం మీద ఒక పంక్తిలో ఒదిగిపోయే ఈ చర్యను రాత్రింబవళ్లు నిలకడగా నడిపే యంత్రాంగంగా మలచడంలోనే ఇంజినీరు నేర్పు బయటపడుతుంది. లోపలికి పంపే గాలి కాస్త తగ్గినా, కాస్త పెరిగినా, చివర మిగిలే వాయువుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్‌కూ సల్ఫర్ డయాక్సైడ్‌కూ ఉండవలసిన 2:1 నిష్పత్తి చెడిపోతుంది. ఆ మేరకు గంధకం చేజారి చిమ్నీ దారి పడుతుంది. రిఫైనరీ మురుగునీటి నుంచి వచ్చే వాయువులో అమోనియా కూడా ఉంటుంది. దాన్ని పూర్తిగా కాల్చాలంటే ఫర్నేస్‌లో వేడి సుమారు 1,250 డిగ్రీలు దాటాలి. దాటకపోతే అది లవణాలుగా మారి చల్లని భాగాల్లో గడ్డకట్టి దారులు మూసేస్తుంది. బర్నర్ ఎంపిక, ఫర్నేస్ పొడవు, వాయువు లోపల నిలిచే వ్యవధి, బాయిలర్ గొట్టాల మూతులకు తొడిగే పింగాణీ తొడుగులు, ఇటుక పూత మందం వంటి సంగతులను నిర్మాణానికి ముందే తేల్చుకోవాలి. కట్టడం పూర్తయ్యాక వీటిని సరిదిద్దుకోవడం దాదాపు అసాధ్యం.

ద్రవ గంధకం స్వభావాన్ని దగ్గరగా చూస్తే ఈ పనికి అనుభవం ఎందుకు కావాలో అర్థమవుతుంది. సుమారు 119 డిగ్రీల దగ్గర కరిగి లేత ఎరుపు, పసుపు కలిసిన రంగులో సన్నగా పారుతుంది. నూనెను వేడి చేసేకొద్దీ పలచబడుతుందని మన వంటింటి అనుభవం. గంధకం మాత్రం 160 డిగ్రీలు దాటగానే ఒక్కసారిగా ముదిరి, నల్లబడి, పంపు లాగలేనంత చిక్కనవుతుంది. అటు చల్లబడితే రాయి, ఇటు వేడెక్కితే జిగురు. ఆ నడుమనున్న ఇరుకైన హద్దులో దాన్ని నిలపడానికి పైపు చుట్టూ మరో పైపు తొడిగి, మధ్యలో ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి ఒక్క వాల్వు దగ్గర అందకపోయినా మొత్తం దారి బిగుసుకుపోతుంది. గంధకపు ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్ నుంచి తొట్టిలోకి గంధకం దిగే చోట చిన్న మూత తీసి ధార పారుతోందా లేదా అని ఆపరేటర్లు షిఫ్టుకోసారి చూసుకుంటారు. ధార సన్నబడిందంటే పైన ఎక్కడో చిక్కు మొదలైందని వారికి తెలిసిపోతుంది. ఆ మూత దగ్గరికి మనిషి సురక్షితంగా చేరుకోగల మెట్లు, గాలివాటం చూసుకుని నిలబడగల చోటు ఉన్నాయా అన్నది కూడా డిజైన్ బల్ల మీదే తేలవలసిన విషయం. ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా బరువైనది. కుళ్లిన గుడ్ల కంపుతో అతి స్వల్ప మోతాదులోనే ముక్కుకు తగులుతుంది గానీ, పది లక్షల భాగాల గాలిలో వంద భాగాలకు చేరేసరికి కొద్ది నిమిషాల్లో వాసన తెలిసే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా, ప్రమాదం తప్పిందనుకున్న మనిషి అక్కడే కూలిపోతాడు.

శాతాల లెక్కలు చదివేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. చర్యను వేగిరపరిచే ఉత్ప్రేరకం నింపిన రెండు దశలతో నడిచే సాదా క్లాస్ యూనిట్ 95 శాతం వరకూ గంధకాన్ని పడుతుంది. వినడానికి మంచి మార్కులే. కానీ రోజుకు 240 టన్నుల గంధకం వచ్చే చోట, వదిలేసిన అయిదు శాతం 12 టన్నులు. అది కాలితే 24 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2008లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం పెద్ద యూనిట్లలో పాతవి 98.7 శాతం, కొత్తవి 99.5 శాతం గంధకాన్ని పట్టాలి. అదే 240 టన్నుల మీద లెక్కిస్తే రోజుకు సుమారు 6.2 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌కూ, 2.4 టన్నులకూ ఉన్న తేడా అది. చివరి వాయువును మరోసారి శుద్ధి చేసే టెయిల్ గ్యాస్ యూనిట్‌ను చక్కగా రూపొందిస్తే 99.9 శాతం కూడా సాధ్యమే. అప్పుడు రోజుకు అర టన్ను కూడా ఉండదు. ఖర్చు తగ్గించుకునేందుకు ఈ యూనిట్‌ను చట్టం చెప్పిన కనీసానికి కుదించడం పరిశ్రమలో మొదట వచ్చే ఆలోచన. డెల్టాలో దాన్ని అంగీకరించకూడదు.

నిజమైన పరీక్ష యూనిట్ ఆగిపోయినప్పుడు ఎదురవుతుంది. ఒకే వరుస, అంటే ఫర్నేస్ నుంచి తొట్టి దాకా ఒకే యంత్రాల శ్రేణి, ఉన్న చోట అది ఉన్నట్టుండి ఆగిపోతే గంధకం నిండిన వాయువునంతటినీ ఫ్లేర్‌కు, అంటే పైన మంట వెలిగే ఎత్తైన గొట్టానికి, మళ్లించి కాల్చాలి, లేదా రిఫైనరీని తగ్గించి నడపాలి. పై లెక్కన ఒక్క గంట ఫ్లేర్‌కు మళ్లిస్తే 20 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. బాగా నడుస్తున్న యూనిట్ వారం రోజులు వదిలేదానికి మించిన మోతాదు అది. రెండు మూడు వరుసలు కట్టి, ఒకటి ఆగినా మిగిలినవి భారం మోయగలిగేలా అదనపు సామర్థ్యం ఉంచడమే దీనికి మందు. ఆ అదనం లాభం తెచ్చిపెట్టదు కనుక అంచనాల్లో మొదట కోత పడేది దానికే.

ఇక మన నేల సంగతి. ద్రవ గంధకాన్ని చాలా చోట్ల భూమిలో తవ్విన కాంక్రీటు తొట్టిలో నిల్వ చేస్తారు. కోనసీమలో నాలుగు బారలు తవ్వకముందే నీళ్లు ఊరతాయి. ఊట నీరు వేడి తొట్టిలోకి చెమ్మగా దిగితే ఆమ్లం పుట్టి కాంక్రీటునూ, కడ్డీలనూ తినేస్తుంది. ఇటువంటి చోట నేల మీదే ఉక్కు పాత్రల్లో సేకరించే ఏర్పాటు అవసరం. దానికి తగినట్టు కండెన్సర్లను ఎత్తులో నిలపాలి, అంటే మొత్తం యూనిట్ నమూనాయే మారుతుంది. ఎక్కడో ఎడారి దేశంలో కట్టిన యూనిట్ నక్షాను తెచ్చి ఇక్కడ దించితే జరిగే నష్టం ఇదే. 1996 నవంబరు తుఫానును చూసినవారికి కరెంటు, ఆవిరి రోజుల తరబడి లేకపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. సొంత విద్యుత్తు, ఆవిరి ఏర్పాట్లు లేని యూనిట్‌లో గంధకం గొట్టాల్లోనే రాయిగా మారుతుంది. గట్టి గంధకాన్ని ఆరుబయట గుట్టగా పోస్తే వానకు తడిసి, సూక్ష్మజీవుల చర్యతో ఆమ్లంగా మారి పక్కనున్న పంట కాలువలోకి, రొయ్యల చెరువులోకి దిగుతుంది. కప్పు, గట్టు, నీరు బయటకు పోకుండా ఆపే కాలువ లేని నిల్వకు ఇక్కడ అనుమతే ఇవ్వకూడదు.

డిజైన్‌లో ఉన్నదానికీ నిర్వహణలో జరిగేదానికీ మధ్య దూరం పెరిగితే ఏమవుతుందో 2014 జూన్ 27న కోనసీమలోని నగరం అనే గ్రామంలో చూశాం. గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. పైపులోకి తేమ ఉన్న గ్యాస్ వచ్చి తుప్పు పట్టడమే అందుకు కారణమన్న చర్చ అప్పట్లో విస్తృతంగా జరిగింది.

కాబట్టి ఈ పరిజ్ఞానాన్ని ఇక్కడే పెంచుకోవాలన్నది మా స్పష్టమైన అభిప్రాయం. దేశంలో దీనికి పునాది ఉంది. 1965లో ఏర్పడిన ఇంజినీర్స్ ఇండియా లిమిటెడ్ దేశీయ రిఫైనరీల కోసం గంధకం యూనిట్లను రూపొందిస్తూ వచ్చింది. కాకినాడ జేఎన్‌టీయూలో పెట్రోలియం, పెట్రోకెమికల్ ఇంజినీరింగ్ కోర్సులు ఉన్నాయి. విశాఖలో 2016 నుంచి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పెట్రోలియం అండ్ ఎనర్జీ నడుస్తోంది. మన పిల్లలు పట్టా పుచ్చుకుని గల్ఫ్ కర్మాగారాల్లో షిఫ్టు డ్యూటీలు చేయడానికి వెళ్తున్నారు. కంట్రోల్ రూమ్‌లో మీట నొక్కడం వారికి వస్తుంది, ఆ మీట వెనుక ఉన్న లెక్కను వేసే అవకాశం మాత్రం ఎవరూ ఇవ్వడం లేదు. క్లాస్ ఫర్నేస్ గణన, అమైన్ యూనిట్, టెయిల్ గ్యాస్ శుద్ధి, ప్రమాద విశ్లేషణ కలిపి ఒక ప్రత్యేక పీజీ పాఠ్యక్రమాన్ని కాకినాడలో ప్రారంభించాలి. రిఫైనరీల్లో ఈ యూనిట్లను ఏళ్ల తరబడి నడిపి రిటైరైన ఇంజినీర్లను, పట్టాలతో నిమిత్తం లేకుండా అనుభవజ్ఞులైన ఆపరేటర్లను కూడా బోధనకు పిలవాలి. ఎక్కడ ఏ గొట్టం ఎందుకు మూసుకుపోయిందో పాఠ్యపుస్తకం కన్నా వారే బాగా చెప్పగలరు.

గంధకం వ్యర్థం కాదన్న సంగతి కూడా మరువరాదు. ఒక టన్ను గంధకం నుంచి సుమారు మూడు టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లం వస్తుంది. ఫాస్ఫేట్ ఎరువుకు అదే మూలం. దేశం లక్షల టన్నుల గంధకాన్ని దిగుమతి చేసుకుంటున్న తరుణంలో, కాకినాడ ఎరువుల పరిశ్రమ పక్కనే శుభ్రమైన గంధకం దొరికితే రైతుకూ మేలే.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు ముందు నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో అందుబాటులో ఉంచాలి. ఆ తెలుగు సారాంశంలో గంధకం యూనిట్ వరుసలు ఎన్ని, ఒక్కొక్కదాని సామర్థ్యం ఎంత, ఒకటి ఆగితే రిఫైనరీని ఎంతకు తగ్గిస్తారు, ఫ్లేర్‌కు మళ్లించే వ్యవధికి పరిమితి ఏమిటి, తొట్టి నేల కిందా పైనా, గట్టి గంధకం ఎక్కడ ఉంచుతారు అన్న వివరాలు అంకెలతో సహా ఉండాలి. చిమ్నీ వద్ద ఉద్గారాల కొలతలు గంట గంటకూ కాలుష్య నియంత్రణ మండలి ద్వారా పంచాయతీ కార్యాలయం బోర్డు మీద కనబడాలి. ఈ వివరాలు లేని ప్రతిపాదన డెల్టాకు వస్తే దాన్ని తిప్పి పంపవలసిందిగా రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం.