ఏ ఇబ్బందీ లేదు కదా, టెస్ట్ ఎందుకు అంటే?

సెక్స్ ద్వారా అంటుకునే క్లమీడియా, గనేరియా ఇన్ఫెక్షన్ల గురించి ఎవరిని అడిగినా ముందు లక్షణాల లిస్ట్ చదువుతారు, యూరిన్‌లో మంట, డిశ్చార్జ్, పొత్తికడుపులో నొప్పి అని. ఆడవాళ్ల విషయంలో ఈ లిస్ట్‌ని నమ్ముకుంటే అంతే సంగతులు. క్లమీడియా వచ్చిన ఆడవాళ్లలో ఎక్కువమందికి అసలు ఏమీ తెలీదు, గనేరియాలో కూడా చాలామందిది ఇదే పరిస్థితి. బ్యాక్టీరియా గర్భాశయ ముఖద్వారం దగ్గర నెలల తరబడి తిష్ఠ వేసి, కొందరిలో మెల్లగా పైకి పాకి, అండం గర్భాశయంలోకి వచ్చే ట్యూబులు వాచి మూసుకుపోయాక, పిల్లలు పుట్టట్లేదని డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడో, గర్భం ట్యూబులోనే నిలిచి ప్రాణం మీదకి వచ్చినప్పుడో బయటపడుతుంది. అందుకే అనుమానం వచ్చేదాకా ఆగకుండా వయసు, రిస్క్ చూసి బీపీ చెక్ చేసినంత మామూలుగా ఈ టెస్ట్ చేసేయాలి అంటాను నేను.

ఇదేదో అరుదైన జబ్బు కూడా కాదు. డబ్ల్యూహెచ్‌వో లెక్కల ప్రకారం 2020 ఒక్క ఏడాదిలోనే 15-49 ఏళ్ల వాళ్లలో కొత్త క్లమీడియా కేసులు దాదాపు 12.9 కోట్లు, గనేరియా 8.2 కోట్లు.

ల్యాబ్ లేని చోట్ల డిశ్చార్జ్ ఉందా అని అడిగి మందులు రాసిచ్చే పద్ధతి ఉంది. కానీ డిశ్చార్జ్ ఎక్కువగా వేరే కారణాల వల్ల వస్తుంది, ఫంగస్ కావచ్చు, యోనిలో బ్యాక్టీరియా బ్యాలెన్స్ తప్పడం కావచ్చు. దాంతో జబ్బు లేనివాళ్లు యాంటీబయాటిక్స్ మింగుతారు, ఉన్నవాళ్లేమో బాగానే ఉన్నాం అనుకుని వెళ్లిపోతారు.

ఇప్పుడు వాడేది న్యాట్ టెస్ట్, అంటే బ్యాక్టీరియా జన్యు పదార్థాన్ని వెతికి పట్టేది, కోవిడ్ టైమ్‌లో అందరూ చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ కూడా ఈ రకమే. చాలామందికి తెలియనిది ఏంటంటే దీనికి డాక్టర్ ముందు పడుకుని పరీక్ష చేయించుకోవాల్సిన పని లేదు, బాత్రూమ్‌లోకి వెళ్లి స్వాబ్‌ని యోనిలోకి రెండు అంగుళాలు పెట్టి కొన్ని సెకన్లు తిప్పి ట్యూబ్‌లో వేసి ఇచ్చేస్తే చాలు, డాక్టర్ తీసిన శాంపిల్‌తో సమానంగా పనిచేస్తుంది. యూరిన్ ఇచ్చినా తప్పు లేదు గానీ ఆడవాళ్లలో కొన్ని కేసులు మిస్ అవుతాయి. ఇంకోటి, మామూలు యూరిన్ ఇన్ఫెక్షన్ టెస్ట్‌కి మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టమంటారు కదా, దీనికి రివర్స్, మొదట వచ్చేదే కావాలి. ఆ ఒక్క మాట ముందే చెప్పకపోతే శాంపిల్ వేస్టే.

అలాగని అందరికీ చేసేయమంటే ఒప్పుకోను. ఒక గ్రూప్‌లో 1000 మందికి 10 మందికే ఇన్ఫెక్షన్ ఉంది, టెస్ట్ 99 శాతం కరెక్ట్‌గా నెగెటివ్ చెప్తుంది అనుకోండి, అప్పుడు కూడా ఇంకో పది మందికి ఉత్త పుణ్యానికి పాజిటివ్ వస్తుంది. ఈ పేరుతో తప్పుడు పాజిటివ్ వస్తే ఇంట్లో ఏమవుతుందో వేరే చెప్పాలా. అమెరికాలో 2021 గైడ్‌లైన్ కూడా లైంగిక జీవితం ఉన్న 24 ఏళ్ల వరకు ఆడవాళ్లందరికీ, 25 నుంచి రిస్క్ ఉన్నవాళ్లకి అని గీత గీసింది, నాకు అది సబబుగానే అనిపిస్తుంది. గర్భిణులను మాత్రం వదలకూడదు, కాన్పులో బిడ్డ కళ్లకి, క్లమీడియా అయితే ఊపిరితిత్తులకి కూడా అంటుకోవచ్చు.

అసలు గండి పడేది రిపోర్ట్ వచ్చాక. క్లమీడియాకి మామూలుగా డాక్సీసైక్లిన్ వారం రోజులు, గర్భిణులకైతే అజిత్రోమైసిన్, తగ్గిపోతుంది. కానీ పార్ట్‌నర్‌కి ట్రీట్‌మెంట్ ఇవ్వకపోతే మళ్లీ అదే ఇన్ఫెక్షన్ తిరిగొస్తుంది, తీరా మందు పనిచేయలేదని ఆమెనే మళ్లీ తిప్పుతారు. తగ్గిందో లేదో అని వారానికే టెస్ట్ చేయిస్తే చచ్చిన బ్యాక్టీరియా ముక్కలకి కూడా పాజిటివ్ చూపిస్తుంది, అందుకే మళ్లీ టెస్ట్ మూడు నెలల తర్వాత అంటారు, గర్భిణులకైతే దాదాపు నాలుగు వారాల తర్వాత అదనంగా ఇంకో టెస్ట్. ఆ డేట్ రిపోర్ట్ మీదే ప్రింట్ చేసి, పార్ట్‌నర్‌కి ప్రిస్క్రిప్షన్ కూడా అదే రోజు అక్కడే రాసిచ్చేలా రూల్ పెట్టడం ల్యాబ్‌లో కొత్త మెషీన్ కొన్నంత ఖర్చేం కాదు.