అర్థం కానిది లెక్క కాదు, ప్రశ్న

ఒకటో తరగతిలోనే బోధనా మాధ్యమాన్ని తెలుగు నుంచి ఇంగ్లిషుకు మార్చేస్తే పిల్లలు ఇట్టే అలవాటు పడతారని ఓ వ్యాసకర్త రాసిన మాట నాకు మింగుడు పడలేదు. కొత్త భాషలో కబుర్లు చెప్పడం రెండేళ్లలో వస్తుంది. పాఠం అర్థం చేసుకునే పట్టు రావడానికి అయిదు నుంచి ఏడేళ్లు పడుతుందని కెనడాకు చెందిన భాషా విద్యా నిపుణుడు జిమ్ కమిన్స్ పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. అన్నేళ్లూ ఆ పసివాడి గతి ఏమిటి? తీసివేత చక్కగా వచ్చినవాడే, 'ఇంకా ఎన్ని మిగిలాయి' అని ఇంగ్లిషులో అడిగిన ప్రశ్న అర్థంకాక రెండు అంకెలూ కూడేస్తాడు. పక్కన ఎర్ర సిరాతో సున్నా! మలేషియా 2003లో గణితం, సైన్సు బోధనను ఇంగ్లిషులోకి మార్చి, 2009లోనే ఆ విధానాన్ని విరమిస్తున్నట్టు ప్రకటించింది. ఇంగ్లిషు నేర్పాల్సిందే, బాగా నేర్పాలి కూడా. కానీ ఉపాధ్యాయులకే పట్టులేని భాషలో పాఠాలు చెప్పమని ఉత్తర్వులివ్వడం అన్యాయం.