ఎనిమిదో గెలుపు ఖరీదు

ఫుకుఓకాలో 2025 నవంబరు సుమో టోర్నీ ఆఖరి రోజున ఒక యొకొజున, అంటే సుమోలో అన్నిటికన్నా పై ర్యాంకువాడు, బరిలోకి రాలేదు. ఒనోసాతో అప్పటికి కప్పు రేసులోనే ఉన్నాడు. అయినా ఎడమ భుజానికి దెబ్బ తగిలిందని తప్పుకున్నాడు. అతనితో తలపడాల్సిన రెండో యొకొజున హోషోర్యూకు బౌట్ జరక్కుండానే గెలుపు దక్కింది. తర్వాత ప్లేఆఫ్‌లో ఉక్రెయిన్ కుర్రాడు ఆవోనిషికి ఆ హోషోర్యూను ఓడించి కప్పు ఎత్తుకుపోయాడు. పత్రికలు ఆవోనిషికి గురించే రాశాయి, అది సబబే. సుమోను ఏళ్ల తరబడి చూస్తున్నవాళ్లకు మాత్రం ఆ రోజు అసలు వార్త ఒనోసాతో రాకపోవడమే.

ఎందుకంటే ఆ స్థితిలో ఉన్న యొకొజున తప్పుకోడు. నొప్పితోనే బరి ఎక్కుతాడు, జనం లేచి నిలబడి చప్పట్లు కొడతారు. 2001 మే టోర్నీ పద్నాలుగో రోజున తకనోహాన మోకాలు దెబ్బతింది. మర్నాడు ముసాషిమారు చేతిలో చిటికెలో ఓడి, కాసేపటికే ప్లేఆఫ్‌లో అదే ముసాషిమారును విసిరి పడేసి కప్పు గెలిచాడు. బరి ఎక్కి కప్పు అందించిన ప్రధాని కొయిజుమి 'నొప్పి ఓర్చుకుని బాగా పోరాడావు, చలించిపోయాను' అంటూ గొంతెత్తి మెచ్చుకున్నారు. జపాన్‌లో ఆ మాట తెలియనివాళ్లు తక్కువ. తర్వాత ఏం జరిగిందో మాత్రం అంతగా చెప్పుకోరు. తకనోహాన వరసగా ఏడు టోర్నీలకు దూరమయ్యాడు. 2003 జనవరిలో రిటైరయ్యాడు. ఇంకో కప్పు అతని చేతికి రాలేదు.

2017లోనూ అదే కథ. దాదాపు 19 ఏళ్ల తర్వాత యొకొజున అయిన, జపాన్‌లో పుట్టిన రెజ్లర్ కిసెనోసాతో, ఆ హోదాలో ఆడిన మొదటి టోర్నీలోనే పదమూడో రోజున ఎడమ భుజం, ఛాతీ దగ్గర దెబ్బతిన్నాడు. ఆఖరి రోజు తెరునోఫుజిని ఒకే సాయంత్రం రెండుసార్లు ఓడించి కప్పు కొట్టాడు. ఒసాకా హాలు ఊగిపోయింది. ఆ తర్వాత వరసగా ఎనిమిది టోర్నీల్లో పూర్తిగానో సగంలోనో తప్పుకుని, 2019 జనవరిలో ఆట వదిలేశాడు.

ఆ ఇద్దరికీ, ఒనోసాతోకూ ఉన్న వెసులుబాటు ఒకటే. యొకొజునకు ర్యాంకు తగ్గదు. ఆడలేకపోతే రిటైర్ కావాలే గానీ కిందికి దింపరు. కాబట్టి ఒనోసాతో ఆగాలనుకుంటే ఆగగలిగాడు. అతని కింద ఉన్నవాళ్లకు ఆ చాన్స్ లేదు. సుమో అభిమానిగా నా ఫిర్యాదంతా ఆ కింది వాళ్ల గురించే.

కొత్తగా చూసేవాళ్లు కప్పు ఎవరిదని అడుగుతారు. పదిహేను రోజుల టోర్నీలో ఆ ప్రశ్న నలుగురైదుగురికి సంబంధించింది. పై డివిజన్ మకుఉచిలో 42 మంది ఉంటారు. రెండో వారం సగానికి వచ్చేసరికి అందులో ముప్పై మందికి పైగా కప్పు ఊసే ఉండదు. వాళ్లు కొట్టుకునేది ఎనిమిదో గెలుపు కోసం. పదిహేనింట్లో ఎనిమిది గెలిస్తే కచికోషి, ర్యాంకు పైకి. ఎనిమిది ఓడితే మకెకోషి, కిందికి. ఈ లెక్క ఒంటబట్టాక చూడండి, పన్నెండో రోజున ఎక్కడో అడుగు ర్యాంకుల్లో ఆరు గెలిచి ఐదు ఓడినవాడి బౌట్ కూడా టెన్షన్ పెడుతుంది.

మనకు టైమ్ కూడా కలిసొస్తుంది. టోక్యోలో జనవరి, మే, సెప్టెంబరు, ఒసాకాలో మార్చి, నగోయాలో జులై, ఫుకుఓకాలో నవంబరు, ఎక్కడైనా జపాన్ టైమ్ సాయంత్రం ఆరుకల్లా ఆఖరి బౌట్ ముగిసిపోవాలి. హైదరాబాద్‌లో అప్పటికి మధ్యాహ్నం రెండున్నర, అంటే లంచ్ టైమ్‌కు కాస్త అటూ ఇటూ. కుదరనివాళ్లకు ఎన్‌హెచ్‌కే వరల్డ్‌లో హైలైట్స్ ఉండనే ఉన్నాయి. కాకపోతే హైలైట్స్‌లో తెగిపోయేది బౌట్‌కు ముందు జరిగే తతంగమే. మకుఉచిలో దానికి నాలుగు నిమిషాలిస్తారు. వంగుతారు, చూపులు కలుపుతారు, లేచిపోతారు, ఉప్పు చల్లుతారు, మళ్లీ వంగుతారు. బౌట్ నాలుగైదు సెకన్లలో అయిపోవచ్చు. ఆ నిమిషాలు బోరనిపించేవాళ్లు ఒకసారి మోకాళ్ల వైపు చూడాలి. నిన్న ఒక్క చుట్టు ఉన్న టేపు ఇవాళ తొడ దాకా పాకిందా? కిందికి కూర్చునేటప్పుడు ఒక కాలు పక్కకు జరుగుతోందా? ఉప్పు తేవడానికి మూలకు వెళ్లేటప్పుడు నడక ఎలా ఉంది? గెలుపోటములు సగం అక్కడే తెలిసిపోతాయి.

ర్యాంకు కోసం ఇంత పాకులాట ఎందుకంటే, సుమోలో బతుకంతా దాంతోనే ముడిపడి ఉంటుంది. మామూలుగా టోర్నీకి పదమూడు రోజుల ముందు బాన్‌జుకే అనే జాబితా విడుదలవుతుంది. బరిలో రిఫరీగా ఉండే గ్యోజీలే దాన్ని కుంచెతో రాస్తారు. పైన యొకొజునల పేర్లు లావుగా, కిందికి పోయేకొద్దీ సన్నగా, అట్టడుగున వెంట్రుక మందంలో. రెండో డివిజన్ జూర్యోలో ఆఖరి ర్యాంకువాడికీ నెలకు 11 లక్షల యెన్‌ల జీతం ఉంటుంది, పనులు చేసిపెట్టే కుర్రాళ్లుంటారు. ఒక్క మెట్టు దిగి మకుషితలో పడితే నెల జీతమే ఉండదు, టోర్నీకి ఇంతని భత్యం మాత్రమే. నిన్నటిదాకా తన సామాన్లు మోసే కుర్రాళ్లుంటే, రేపటి నుంచి తానే ఇంకొకడివి మోయాల్సి రావచ్చు.

ఎనిమిదో గెలుపు విలువ ఎంతంటే, దాన్ని కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఉన్నారు. 2002లో ఇద్దరు అమెరికా ఆర్థికవేత్తలు అంతకుముందు దశాబ్దపు ఫలితాలన్నీ జల్లెడ పట్టారు. ఆఖరి రోజుకు ఏడు గెలిచి ఏడు ఓడినవాడు, అప్పటికే ఎనిమిది గెలిచి నిశ్చింతగా ఉన్నవాడితో తలపడితే, సగం సగం గెలవాల్సినచోట దాదాపు 80 శాతం సార్లు గెలుస్తున్నాడని తేల్చారు. తొమ్మిదేళ్ల తర్వాత రెజ్లర్ల ఫోన్లలోని మెసేజీల్లో బేరసారాలు బయటపడ్డాయి. 2011 మార్చి టోర్నీ రద్దయింది, 1946 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఇప్పుడు చివరి రోజున ఏడు-ఏడుతో ఉన్న ఇద్దరిని ఒకరి మీదకి ఒకరిని వదలడం మామూలైంది. విదేశీ అభిమానులు వీటిని 'డార్విన్ బౌట్లు' అంటారు. కప్పు తేల్చే బౌట్ కన్నా ఇవే బాగుంటాయని నేననేది ఊరికే కాదు.

మరి ఈ లెక్కలో గాయానికి చోటెక్కడ? లేదు. బరిలోకి రాని ప్రతి రోజూ ఓటమి కిందే లెక్క. టోర్నీ మొత్తం రాకపోతే పదిహేను ఓటములు. ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. 1972 నుంచి 2003 దాకా 'కోషో' అనే పద్ధతి ఉండేది. దెబ్బ బరిలోనే తగిలిందని జపాన్ సుమో సంఘం ఒప్పుకుంటే, తర్వాతి టోర్నీకి రాకపోయినా ర్యాంకు కదిలేది కాదు. దాన్ని ఎత్తేసి, అందుకు బదులన్నట్టు 2004 జనవరి నుంచి మకుఉచిని 40 నుంచి 42కి, జూర్యోను 26 నుంచి 28కి పెంచారు. గాయపడినవాళ్లు కాస్త నెమ్మదిగా జారతారు, అంతే.

దీని ఫలితం తకెరుఫుజి విషయంలో కళ్లకు కట్టినట్టు కనబడింది. 2024 మార్చి, ఒసాకా. మకుఉచిలో అతనికదే మొదటి టోర్నీ, ర్యాంకు దాదాపు అడుగున. వరసగా పదకొండు గెలిచాడు. పద్నాలుగో రోజున అసనోయామ చేతిలో ఓడినప్పుడు కుడి చీలమండ మెలిపడింది. సొంతంగా నడవలేకపోతే చక్రాల కుర్చీలో తీసుకెళ్లారు, అక్కణ్నుంచి అంబులెన్స్. మర్నాడు రాడనే చాలామంది అనుకున్నారు. చీలమండ చుట్టూ టేపు దట్టంగా చుట్టుకుని వచ్చాడు. గోనోయామ తోపు బలం తెలిసిందే. ఆ తోపుల్ని తట్టుకుని, ఎదురు తోసి నేలకూల్చాడు. మొదటి టోర్నీలోనే మకుఉచి కప్పు గెలవడం 110 ఏళ్లలో ఎవరికీ సాధ్యం కాలేదు. ఆ బౌట్ నేను ఇప్పటికీ మళ్లీ మళ్లీ చూస్తుంటాను, అంత బాగుంటుంది.

మే టోర్నీకి అతను రాలేకపోయాడు. జులైకల్లా జూర్యోలో ఉన్నాడు. అంటే చరిత్ర తిరగరాసిన చాంపియన్, అదే బరిలో తగిలిన దెబ్బ వల్ల నాలుగు నెలల్లో రెండో డివిజన్‌కు పోయాడు. పాత కోషో ఉంటే జులైలోనూ మకుఉచిలోనే ఉండేవాడు.

ఇలా జారిపడి తిరిగొచ్చినవాళ్ల కథలంటే అభిమానులకు ప్రాణం. యొకొజునకు ఒక్క మెట్టు కిందిదైన ఒజెకి ర్యాంకులో ఉన్న తెరునోఫుజి మోకాళ్లు, షుగరు దెబ్బకు కింది నుంచి రెండోదైన జోనిదాన్ దాకా పడిపోయి, 2020 జులైలో మకుఉచికి తిరిగొస్తూనే కప్పు కొట్టి, మరుసటి ఏడు యొకొజున అయ్యాడు. ఉరా కూడా మోకాళ్ల వల్ల అదే జోనిదాన్ చూసి 2021లో మకుఉచికి ఎక్కి వచ్చాడు. అద్భుతమే, కాదనను. కానీ తిరిగి రాలేక జుట్టుముడి కోయించుకుని వెళ్లిపోయినవాళ్ల గురించి ఎవరూ డాక్యుమెంటరీలు తీయరు. పైగా ఈ కథల్ని చూపించి 'నిజమైనవాడు ఎలాగైనా లేస్తాడు' అనడం మొదలైతే, నియమం వల్ల జరుగుతున్న నష్టం కూడా శిక్షణలో భాగమే అన్నట్టు తయారవుతుంది.

కోషోను ఎత్తేయడానికి కారణం లేకపోలేదు. చిన్న దెబ్బకు కూడా సర్టిఫికెట్ తెచ్చి ఒక టోర్నీ ఎగ్గొట్టేవాళ్లు ఎక్కువయ్యారని సంఘం అనుకుంది. టికెట్ కొన్నవాడికి పేరున్నవాళ్లు కనబడకపోతే కోపం రావడం సహజమే. అందులో నిజం ఉందనుకుందాం. అయితే తప్పు సర్టిఫికెట్లు ఇచ్చే పద్ధతిలో ఉన్నప్పుడు, విశ్రాంతినే తీసేయడం ఏం మందు?

నియమం కదలదనే వాదన కూడా నిలబడదు. కరోనా రోజుల్లో సంఘమే దాన్ని పక్కన పెట్టింది. 2021 జనవరిలో 65 మంది రెజ్లర్లు వైరస్ కారణంగా టోర్నీకి దూరమైతే, వాళ్ల ర్యాంకులు పోకుండా చూసింది. ఆకాశమేమీ ఊడిపడలేదు, మార్చి టోర్నీ కూడా జరిగింది. వైరస్‌కు ఇచ్చిన మినహాయింపు, బరిలో అందరూ చూస్తుండగా తెగిన లిగమెంటుకు ఎందుకు ఇవ్వరు?

నిజానికి కోషోను మళ్లీ తేవడానికి కావాల్సిన సరంజామా చాలావరకు ఉంది. తప్పుకునే ప్రతి రెజ్లరూ ఇప్పటికే డాక్టర్ సర్టిఫికెట్ ఇస్తున్నాడు. ఎక్కడ దెబ్బ, ఎన్ని వారాలు విశ్రాంతి అన్నది పత్రికల్లో వస్తుంది. ఆ వారాలు పూర్తికాకుండానే, టోర్నీ మధ్యలో తిరిగొచ్చి ఆడేవాళ్లు తరచూ కనబడతారు. మిగిలిన రోజుల్లో ఒకటి రెండు గెలిస్తే ర్యాంకు మరీ ఎక్కువగా పడిపోదని ఆశ. ఆ సర్టిఫికెట్‌ను రెజ్లర్ ఉండి శిక్షణ పొందే స్టేబుల్‌తో సంబంధం లేని డాక్టర్ ఇవ్వాలి. కోషో బౌట్‌లో తగిలిన దెబ్బలకే వర్తించాలి. ఒక్కొక్కరికి రెండేళ్లలో ఒకటే అని పరిమితి పెట్టినా పర్లేదు. టోర్నీకీ టోర్నీకీ మధ్య ఊరూరా తిరిగే ప్రదర్శన యాత్రల నుంచి కూడా వాళ్లను తప్పించాలి, లేకపోతే విశ్రాంతి కాగితం మీదే మిగులుతుంది. సీట్లు సరిపోవని సంఘం అంటే, 2004లో మకుఉచిలో రెండు, జూర్యోలో రెండు పెంచింది ఈ గాయాల పేరు చెప్పే కదా.