వాల్వు రేడియోలో వాయిస్ మెసేజ్

రేడియో మ్యూజియం అనగానే పెద్ద బిల్డింగు, టికెట్ కౌంటరు, ఏసీ హాలు ఊహించుకోకండి. మంగళగిరి దగ్గర్లో, టెలిఫోన్స్‌లో చేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంటి మేడమీద రెండు గదులు, అంతే. మెట్ల దగ్గర చెప్పులు విప్పాలి, టికెట్ లేదు గానీ వెళ్ళేటప్పుడు పుస్తకంలో నాలుగు ముక్కలు రాయాలి, అది కూడా బాగుంది అని ఒక్క ముక్క గీకి పోతానంటే ఒప్పుకోడు, ఏది బాగుందో రాయాలి. గోడల నిండా రేడియోలే. చెక్కవి, బేకలైట్‌వి, తోలు తొడుగు వేసుకున్న ట్రాన్సిస్టర్లు, వాటి మధ్యలో పాత మర్ఫీ రేడియో యాడ్స్‌లో ఉండే, వేలు పెదాల దగ్గర పెట్టుకున్న మర్ఫీ బుడ్డోడి ఫొటో. పెద్ద సెట్లన్నిటి మీదా లేసు అల్లిన గుడ్డలు, ప్రతిదాని ముందూ ఆయన చేత్తో రాసిన అట్టముక్క "ముట్టుకోవద్దు, ముట్టుకోవాలనిపిస్తే అడిగి ముట్టుకోండి" అని.

మా ఆవిడా మా అక్కా మంగళగిరి చీరలు చూస్తామని షాపులో కూర్చున్నారు, పిల్లలిద్దరూ నా వాటాకి వచ్చారు. మావాడికి పదకొండేళ్ళు, మా మేనకోడలు చిన్నికి ఏడు. నాకు మాత్రం లోపల్లోపల సంబరంగానే ఉంది, మా తాతగారింట్లో రేడియో ఎలా ఉండేదో వీళ్ళకి చూపించి నాలుగు మాటలు చెప్పొచ్చు కదా అని. ఆ అవకాశం నాకు రాలేదు. చెప్పడానికి ఆయన ఉన్నాడు.

1895లో మార్కోనీ దగ్గర మొదలుపెట్టాడండీ. అక్కణ్ణుంచి కలకత్తా వచ్చి జగదీశ్ చంద్ర బోస్ వైరు లేకుండా గోడ అవతల గంట మోగించిన ముచ్చట, ఆ తర్వాత 1935లో నిజాం గారి హైదరాబాదులో దక్కన్ రేడియో, 1938లో మద్రాసు, 1948 డిసెంబరు 1న మన విజయవాడ. ప్రతి సెట్టు దగ్గరా "దీని వెనకాల ఒక కథ ఉంది బాబూ" అనడం, ఆ కథ పూర్తయ్యేలోపు అందులోంచి ఇంకో సెట్టు కథలోకి వెళ్ళిపోవడం. పెళ్ళిలో దొరికిపోయిన దూరపు చుట్టంలా నేను తలాడిస్తూ నిలబడ్డాను.

పిల్లలు మాత్రం బానే ఎంజాయ్ చేశారు, నిజం చెప్పాలి. ఆయన ఒక పాత లైసెన్సు పుస్తకం తీసి, ఒకప్పుడు రేడియో ఇంట్లో ఉంటే ఏటా పోస్టాఫీసుకెళ్ళి డబ్బు కట్టి స్టాంపు వేయించుకోవాలి, లేకపోతే నేరం అని చెప్పాడు. మావాడు వెంటనే "సబ్‌స్క్రిప్షనా తాతయ్యా, మరి యాడ్స్ వచ్చేవా?" అన్నాడు. పెద్దాయన మొహం వెలిగిపోయింది, ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదట. "1967 దాకా మన ఆకాశవాణిలో యాడ్స్ లేవురా నాన్నా, యాడ్స్ కావాలంటే సిలోన్, అంటే శ్రీలంక రేడియో పెట్టుకునేవాళ్ళం" అన్నాడు. అక్కణ్ణుంచి ఇంకో పావుగంట. 1952లో కేస్కర్ అనే మంత్రిగారు వచ్చి సినిమా పాటలు వింటే జనం చెడిపోతారని ఆకాశవాణిలో తగ్గించేస్తే, జనం చక్కగా షార్ట్ వేవ్‌లో సిలోన్‌కి తిప్పుకున్నారు, అక్కడ మీనాక్షి పొన్నుదురై గారు తెలుగు పాటలు వేస్తుంటే ఊళ్ళకి ఊళ్ళు వినేవి, చివరికి ప్రభుత్వానికే తెలిసొచ్చి 1957లో వివిధ భారతి పెట్టారు అని. మధ్యలో చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానంద సాగరః" అని పొద్దున్న ఆరూ యాభై అయిదు సంస్కృత వార్తలు కూడా చదివేశాడు, అచ్చు అదే గొంతు. చిన్ని చప్పట్లు కొట్టింది.

అప్పుడు తీసుకెళ్ళాడు అసలు సెట్టు దగ్గరికి. మూడు బారల వెడల్పు కాదు గానీ మా ఫ్రిజ్జు అడ్డం పడుకోబెడితే ఉండేంత హుందాగా ఉంది, ముందువైపు బంగారు రంగు గుడ్డ, కింద గాజు మీద ఊళ్ళ పేర్లు, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు, ఒక మూల ఎర్ర నెయిల్ పాలిష్‌తో పెట్టిన చుక్క. ఆ చుక్క విజయవాడట, వాళ్ళమ్మగారు పెట్టింది. "ఒక్క స్క్రూ మార్చలేదు బాబూ, ఈ రోజుక్కూడా పాడుతుంది" అని స్విచ్ తిప్పాడు. ఏం రాలేదు. పిల్లలు నావైపు చూశారు. వాల్వులు, అంటే లోపలుండే గాజు బల్బుల్లాంటివి, వేడెక్కాలి కదా, అర నిమిషం ఆగాలి. వెనకాల నారింజ రంగు వెలుగు, దుమ్ము కాలుతున్న వాసన, పైన మ్యాజిక్ ఐ అనే చిన్న ఆకుపచ్చ కన్ను మెల్లగా తెరుచుకుంది, చిన్ని "మావయ్యా అది మనల్నే చూస్తోంది" అని నా వెనక్కొచ్చింది. ఆయన ముల్లుని మెల్లగా తిప్పుతూ తిప్పుతూ ఎర్ర చుక్క మీద ఆపాడు. పాట! బ్లాక్ అండ్ వైట్ కాలం నాటి పాట, ఆ కింది స్వరాలు చెక్కపెట్టెలోంచి గుండెల్లోకి కొడుతున్నాయి. నాకు నిజంగా ఒళ్ళు గగుర్పొడిచిందండీ, మా తాతగారు గుర్తొచ్చారు, గొంతు కూడా కొంచెం పట్టేసింది.

"కూర్చోండి, నన్నారి షర్బత్ తెస్తా" అని ఆయన కిందకి దిగాడు.

ఆయన రెండు మెట్లు దిగాడో లేదో మావాడు అడిగి ముట్టుకోమన్న సంగతి మర్చిపోయి ముల్లు తిప్పేశాడు. విజయవాడ నుంచి మద్రాసుకి, మద్రాసు నుంచి ఢిల్లీకి. "నాన్నా, ఎక్కడ పెట్టినా అదే పాట వస్తోంది." నేను పెద్దవాణ్ణి కదా, తెలిసినట్టు చెప్పాలి కదా, "విజయవాడ స్టేషన్ అంటే అంత పవర్‌ఫుల్ రా మరి" అన్నాను. సరిగ్గా అప్పుడే పాట ఠక్కున ఆగిపోయింది, ఒక సెకను నిశ్శబ్దం, తర్వాత ఆ అరవై ఏళ్ళ పైబడ్డ రేడియో, మంత్రిగార్లనీ యుద్ధాలనీ చూసిన రేడియో, ఇల్లంతా అదిరేలా అంది కదా:

"ది బ్లూటూత్ డివైజ్ ఈజ్ రెడీ టు పెయిర్!"

పిల్లలు పడీ పడీ నవ్వడం మొదలుపెట్టారు. మావాడు లేసు గుడ్డ ఎత్తి వెనకాల చూస్తే అగ్గిపెట్టెంత నల్ల డబ్బా, నీలం లైటు టకటకా కొట్టుకుంటోంది. విషయం ఏంటంటే పెద్దాయన ఫోను ఆయన జేబులో ఉంది, ఆయన కిందకి పోయేసరికి సిగ్నల్ తెగింది. గుడ్డ దించెయ్యరా, మనం చూడనట్టే ఉందాం, పెద్దాయన బాధపడతాడు అని నేను చెప్తూనే ఉన్నా, నా ఫోను ఎప్పుడు తీసుకున్నాడో ఏమో వాడప్పటికే దాన్ని కలిపేశాడు, ఈ కాలం పిల్లలకి కలపడానికి ఏదన్నా కనబడితే చాలు. ఇంతలో ఫోనుకి మెసేజ్ వచ్చింది, ఫోను చిన్ని చేతిలోకి మారింది, "అత్త!" అని అది నొక్కేసింది.

"ఏమండీ," అంది రేడియో.

మా ఆవిడ గొంతు అంత నిండుగా, అంత గంభీరంగా నేను పెళ్ళిచూపుల్లో కూడా వినలేదు. "మాకింకా గంట పడుతుంది. బడ్జెట్టు కొంచెం దాటింది, కంగారు పడకండి, ఇంటికెళ్ళాక చెప్తా." ఇది బానే ఉంది, ఇక్కడితో అయిపోయుంటే ఏ గొడవా లేదు. కానీ వాట్సాప్‌లో వరసగా రెండు వాయిస్‌లు వస్తే ఒకటి అవగానే రెండోది దానంతట అదే మొదలవుతుంది చూశారా, అలా మొదలైంది. మెట్ల మీద గ్లాసుల చప్పుడు వినబడుతోంది.

"ఇంకోటండీ. ఆ రేడియోల పెద్దాయన దొరికితే వదలడంట, ఈ షాపాయన చెప్పాడు, ఈయన్ని కూడా ఓసారి మధ్యాహ్నం భోజనం లేకుండా కూర్చోబెట్టాడంట..."

నేను ఫోను కోసం చిన్ని మీదకి ఉరికాను, అది ఆట అనుకుని పరిగెత్తింది. వాల్యూమ్ తగ్గిద్దామని రేడియో మీద పడ్డాను, నాబ్ ఊడి చేతిలోకొచ్చింది. ఇంక లాభం లేదని గోడ దగ్గర స్విచ్ కట్టేశాను. అదేమన్నా సెల్‌ఫోనా కట్టగానే ఆగడానికి, లోపల కెపాసిటర్లలో నిలవున్న కరెంటు అయ్యేదాకా, వాల్వులు చల్లారేదాకా పాడుతూనే ఉంటుంది పాపం. మా ఆవిడ మెల్లమెల్లగా దూరం అవుతూ, సిలోన్ స్టేషన్ రాత్రిపూట తేలిపోయినట్టు, "మీరసలే మొహమాటస్తులు... పిల్లలకి కడుపునొప్పని చెప్పి... వచ్చెయ్యండీ..." అని ఆగింది.

గుమ్మంలో పెద్దాయన, చేతిలో ట్రే, నాలుగు గ్లాసులు. నా చేతిలో నాబ్.

ఆయన ట్రే కింద పెట్టి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "సంప్రతి వార్తాః శ్రూయంతాం" అన్నాడు. "ప్రవాచికా ఎవరు బాబూ, మీ ఆవిడగారా? గొంతు బావుంది, రేడియోకి పనికొస్తుంది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఆయనే నాబ్ తీసుకుని మళ్ళీ తగిలించేసి, బ్లూటూత్ డబ్బా సంగతి నేను అడక్కుండానే చెప్పేశాడు. ఏం చేస్తాం బాబూ, చుట్టూ ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టర్లు, మీడియం వేవ్ పెడితే గరగర తప్ప ఏమీ వినబడదు, వచ్చినవాళ్ళు గరగర వినడానికి వస్తారా. ఆ డబ్బా పెట్టిన సాకెట్టు కూడా నేను పెట్టింది కాదు, గ్రామఫోన్ తగిలించుకోడానికి కంపెనీ వాళ్ళే వెనకాల ఇచ్చారు, వాళ్ళు గ్రామఫోన్ పెట్టారు, నేను ఫోను పెట్టాను, స్క్రూ మార్చలేదన్నది నిజమే కదా అన్నాడు. వాదన గట్టిదే. కాకపోతే ఆ ఎర్ర చుక్క మీదకి ముల్లు తెచ్చిన తీరు ఉంది చూశారూ, ఆయన టెలిఫోన్స్‌లో కాదు, నాటకాల్లో ఉండాల్సిన మనిషి.

పిల్లలు షర్బత్ తాగేసి ఆయన్ని వదల్లేదు. ఫోను మైకులాగా పెట్టి ఆయనతోనే మళ్ళీ వార్తలు చదివించుకున్నారు, చిన్ని వాతావరణం చెప్పింది, మావాడు క్రికెట్ కామెంట్రీ. వచ్చెయ్యమన్న మనిషిని నేనే మర్చిపోయాను. కాసేపటికి కింద ఆటో ఆగిన చప్పుడు, మా ఆవిడా అక్కా రెండు చేతులా కవర్లతో మెట్లెక్కి వచ్చారు, మా ఆవిడ మొహంలో పిల్లల మీద బోలెడు బెంగ తెచ్చిపెట్టుకుని ఉంది.

"రండమ్మా రండి," అన్నాడు పెద్దాయన లేచి. "పిల్లలకి కడుపునొప్పి తగ్గిపోయింది."

మా ఆవిడ నావైపు చూసింది. నేను మర్ఫీ బుడ్డోడి వైపు చూశాను.

"ఇలా కుర్చీలో కూర్చోండి. 1895లో మార్కోనీ అని ఇటలీలో ఒక కుర్రాడు..."

మా అక్క చీరల కవర్లు నేల మీద పెట్టేసింది.