కామెరా అద్దెకు ఇవ్వబడును

ఇటలీలో చదువుకోవడానికి వెళ్లిన మా బంధువుల అబ్బాయి అద్దె గది కోసం నెట్‌లో వెతుకుతుంటే ప్రతి ప్రకటనలోనూ ‘కామెరా సింగోలా’, ‘కామెరా డొప్పియా’ అని కనిపించేదట. డొప్పియా అంటే డబుల్ అని తెలుసు కాబట్టి, ఇళ్ల ప్రకటనల మధ్య ఈ డ్యూయల్ కెమెరా ఫోన్ల గోల ఏమిటా అనుకున్నాడు. తీరా చూస్తే అక్కడ కామెరా అంటే గది. సింగోలా ఒక్కరికి, డొప్పియా ఇద్దరికి. ఫొటోలు తీసేదాన్ని వాళ్లు ‘మాక్కినా ఫొటోగ్రాఫికా’ అనో, ‘ఫొటోకామెరా’ అనో అంటారు.

నిజానికి పాత అర్థాన్ని అట్టిపెట్టుకున్నది వాళ్లే. గ్రీకు ‘కమారా’ నుంచి వచ్చిన లాటిన్ మాటకు కమాను కప్పున్న గది అని అర్థం. మన ఫోన్లోకి ఎక్కిందే పక్కదారి పట్టి వచ్చింది.

ఆ పక్కదారి మనలో చాలామంది చిన్నప్పుడు చూసిందే. మిట్టమధ్యాహ్నం తలుపులన్నీ బిగించి పడుకుంటే, కిటికీ రెక్కకున్న చిల్లులోంచి వెలుగు దూరి, ఎదుటి గోడ మీద వీధిలో పోయే సైకిలు తలకిందులుగా కదులుతుంది. యూరప్‌లో పండితులు, చిత్రకారులు ఈ తమాషాను గదులకు గదులే చీకటి చేసి పరిశీలించారు. దానికి ‘కామెరా అబ్‌స్క్యురా’, అంటే చీకటి గది అనే పేరును 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ వాడాడు. చిల్లుకు కటకం అప్పటికే వచ్చింది, తర్వాత గది కాస్తా పెట్టె అయింది. 1839లో ఫ్రెంచ్ చిత్రకారుడు డాగెర్ కనిపెట్టిన ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిశాక చీకటి సంగతి జనం మర్చిపోయారు. ‘గది’ ఒక్కటే మిగిలింది, అదీ చేతిలో పట్టే గది.

ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించేది ఒకటుంది. అరువు తెచ్చుకున్న మాట ఏ అర్థంలో స్థిరపడుతుందన్నది దాని పుట్టుక కన్నా, వచ్చిన చోట ఏ కుర్చీ ఖాళీగా ఉందన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఇంగ్లిష్‌లో గదికి ‘రూమ్’ ఉంది. ఇదే లాటిన్ మాట ఫ్రెంచ్ నోట్లో నలిగి వచ్చిన ‘ఛాంబర్’ కూడా అప్పటికే ఉంది. కాబట్టి మూడో మాటగా వచ్చిన కెమెరాకు గది ఉద్యోగం దొరకలేదు, కొత్త యంత్రం దొరికింది. ఫ్రెంచ్ వాళ్లకు గది అంటే ‘షాంబ్ర’, ఫొటోలు తీసేదానికి ‘అపరేయ్ ఫొటో’. అందుకే ‘కమెరా’ అని వాళ్లంటే సినిమా, వీడియో తీసేది మాత్రమే.

రష్యా సంగతి మరీ చిత్రం. మామూలు గదిని ‘కోమ్నాత’ అంటారు. అది కూడా లాటిన్ సంతానమే, పొయ్యి ఉన్న గది అనే వేరే మాట నుంచి వచ్చింది. ఇక ‘కామెరా’కు మిగిలినవి మూసి ఉంచే చోట్లే. జైలు గది కామెరా, రైల్వే స్టేషన్లో సామాను దాచే చోటు కామెరా, సైకిల్ టైరులోని ట్యూబు కూడా కామెరాయే. వీడియో తీసేదీ అదే మాట. ఎక్కడ ఏది అన్నది సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది, ఎవరికీ టెన్షన్ లేదు. డచ్ వాళ్లకైతే 150 మంది సభ్యులున్న దిగువ సభే ‘రెండో గది’. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు బట్టీ పట్టే ‘బైకామెరల్’, అంటే రెండు సభలున్న అనే మాటలో దాక్కున్నదీ ఈ గదే. శాసనసభకు తోడు మండలి ఉన్న మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఆ లెక్కన రెండేసి గదుల ఇళ్లు.

స్పెయిన్‌లో ఒకే గదిలో పడుకునే సైనికుల్ని ‘కమరాదా’ అన్నారు. అది ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లి ‘కామ్రేడ్’ అయింది. ఎర్రజెండా సభల్లో పిడికిలి బిగించి పలికే ఆ మాటకు, అమీర్‌పేట హాస్టల్లో కుర్రాళ్లు అనుకునే ‘రూమ్మేట్’కు పుట్టుకలో తేడా లేదు. అలాగని రేపట్నుంచి కామ్రేడ్‌ను రూమ్మేట్ అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. ‘మూలార్థమే అసలు అర్థం, మిగతావి అపభ్రంశం’ అని వాదించే పెద్దలతో నాకు పేచీ ఇక్కడే. ‘శిక్ష’ అంటే హిందీవాళ్లకు చదువు, మనకు దండన. సంస్కృతంలో నేర్పడం అనే అర్థం ఉంది కదా అని జడ్జిగారు విధించిన శిక్షను చదువని సర్దిచెప్పుకోలేం.

ఆ లాటిన్ గది కెమెరా దుకాణాలు రాకముందే మన దేశంలో దిగింది. పోర్చుగీసువాళ్ల ‘కామరా’యే హిందీ, ఉర్దూల్లో ‘కమ్రా’. ఓడల మీద మన ‘అల్మారా’ వచ్చిన దారే ఇదీ. హైదరాబాద్ లాడ్జిలో కౌంటర్ దగ్గర నిలబడి ‘కమ్రా ఖాళీ హై క్యా’ అని అడుగుతుంటే, తల మీద గోడకు బిగించిన కెమెరా చూస్తూ ఉంటుంది. రెండూ ఒకే తల్లి బిడ్డలు, వేరు వేరు ఓడలెక్కి వచ్చారంతే.

ఇదంతా సరదా కబురే అనుకోవచ్చు, కోర్టు వార్తల దాకా రానంతవరకు. అత్యాచారం కేసుల్లో ‘ఇన్ కెమెరా విచారణ’ అని మన పేపర్లు, టీవీలు అలాగే రాసేస్తాయి. చదివే మనిషి సహజంగానే ‘ఓహో, వీడియో తీస్తూ విచారిస్తారు కాబోలు’ అనుకుంటాడు. అక్కడున్న కెమెరా లాటిన్ గది. తలుపులు మూసి, సంబంధం లేనివాళ్లను బయట ఉంచి జరిపే విచారణ అది. ‘మూసిన గదిలో విచారణ’ అని రాస్తే ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. కేసు పెట్టడానికే భయపడుతున్న అమ్మాయి ఆ వార్త చదివితే, తన మాటల్ని వీడియో తీసేది ఎవరో, చూసేది ఎవరో అని బెంగపడుతుంది. చట్టం చెప్పేది దానికి పూర్తిగా ఎదురు: కోర్టు అనుమతి లేకుండా ఆ గదిలో జరిగినదాన్ని అచ్చు వేయడానికి కూడా లేదు.