‘మందు తీసుకున్నారా’ అని అడగడం నేను మానేశాను

తెలంగాణలో ఒక చిన్న పట్టణంలో పదిహేనేళ్ళుగా పంటి వైద్యం చేస్తున్నాను. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టిన మాట ‘మందు’. మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, గ్లాసులో పోసుకునేదీ మందే. కుర్చీలో కూర్చున్న మనిషిని “మందు తీసుకున్నారా?” అని అడిగితే కొందరు మొహం మాడ్చుకుని “నాకు ఆ అలవాటు లేదు సార్” అంటారు. మరికొందరు “ఏ డాక్టర్ దగ్గరికీ పోలేదు సార్, మందులెక్కడివి” అంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు, అయినా నాకు తెలియవలసిన సంగతి మాత్రం తెలియదు.

పోయిన వర్షాకాలంలో దవడ వాచి వచ్చిన ఒక పెద్దావిడ, ఏమైనా గోళీలు వేసుకున్నావా అమ్మా అని అడిగితే, కొంగు ముడి విప్పి పాత పేపరు ముక్కలో చుట్టిన పొట్లం నా చేతిలో పెట్టింది. అందులో ఒక పసుపు గోళీ, ఒక గులాబీ గోళీ, చిటికెన వేలి గోరంత తెల్ల గోళీ, స్ట్రిప్పు నుంచి కత్తెరతో కోసిన ఇంకొక ముక్క ఉన్నాయి. ఆ ముక్క మీద మందు పేరులో మూడు అక్షరాలే మిగిలాయి, గడువు తేదీ కోసిన అవతలి ముక్కతో పోయింది. “సెట్టు ఇచ్చిండు బిడ్డా. వేసుకుంటే ఆగుతది, బంద్ జేస్తే మళ్ళ లేస్తది” అంది. అప్పటికి పన్నెండు రోజులుగా వేసుకుంటోందట.

ఈ సెట్టు సంగతి పల్లెల్లో అందరికీ తెలిసిందే. ఒక యాంటీబయాటిక్, ఒక నొప్పి గోళీ, ఒక గ్యాస్ గోళీ, వాటికి తోడుగా చాలాసార్లు డెక్సామెథాసోనో బీటామెథాసోనో, అంటే స్టెరాయిడ్ ఉంటుంది. వాపును రెండు రోజుల్లో దించి, సెట్టు ఇచ్చినవాడికి మంచి పేరు తెచ్చేది ఆ చిన్న తెల్ల గోళీయే, షుగరు ఉన్నవారిలో షుగరును అమాంతం పెంచేదీ అదే. ఇక యాంటీబయాటిక్ విషయానికి వస్తే, పుచ్చి లోపలి నరం చచ్చిపోయిన పంటికి రక్త ప్రసరణే ఉండదు కాబట్టి, రక్తంతో పాటు ప్రయాణించవలసిన మందు ఆ పంటి లోపలికి చేరే దారి లేదు. పన్ను తెరిచి శుభ్రం చేయాలి, చీము బయటికి తీయాలి, లేదా పన్నే తీసేయాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి పంటి చికిత్స వెంటనే దొరికే వీలున్నప్పుడు, ఇటువంటి నొప్పుల్లో చాలావాటికి యాంటీబయాటిక్ ఇవ్వవద్దని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2019లో మార్గదర్శకాలే ఇచ్చింది. మన దగ్గర అసలు చికిత్సకు ముందు కనీసం రెండు సెట్లు అయిపోతాయి.

ఆమెను తిట్టడం సులభం. ఆ రోజు నేనూ తిట్టాను, దాచి చెప్పి ప్రయోజనం లేదు. కానీ పంటి డాక్టర్ దగ్గరికి రావాలంటే ఆమెకు ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు అవుతాయి, రూట్ కెనాల్ అంటే వేలల్లో ఖర్చు. ఊళ్ళో సెట్టు అతి తక్కువకు దొరుకుతుంది, ఇచ్చే మనిషి ‘ఇన్ని రోజులు ఏం చేశావు’ అని గద్దించడు. చదువుకున్నవారు తక్కువ తిన్నదీ లేదు. పాత చీటీ ఫొటో చూపించి అదే యాంటీబయాటిక్ మూడోసారి కొనుక్కునే ఉద్యోగులున్నారు, అక్కడి పంటి బిల్లులకు భయపడి ఇక్కడినుంచి సూట్‌కేసులో అమాక్సిసిలిన్ పట్టుకెళ్ళే అమెరికా పిల్లలూ ఉన్నారు. వారిని మేము తిట్టం, నవ్వి ఊరుకుంటాం. తిట్లన్నీ కొంగు ముడి వేసుకుని వచ్చినవారికే.

మా తిట్ల ఫలితం ఏమిటో నాకు ఒక కల్లు తాగే మనిషి వల్ల తెలిసింది. నలభై అయిదేళ్ళ రైతు, కింది దవడ పన్ను తీయించుకోవడానికి భార్యతో వచ్చాడు. “తాగుతావా?” అని అడిగాను, “లేదు సారూ” అన్నాడు. చేతులు వణుకుతున్నాయి, నుదుటి మీద చెమట పట్టింది. సూది భయం అనుకున్నాను. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి రెండు నిమిషాలైనా కాకముందే కళ్ళు తేలేసి, కాళ్ళు చేతులు కొట్టుకుంటూ ఫిట్స్‌లోకి వెళ్ళిపోయాడు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ లేకుండా చూసి, ఆక్సిజన్ పెట్టి 108 పిలిచాను. నా ఇంజెక్షనే పొరపాటున రక్తనాళంలోకి వెళ్ళి ఉంటుందని అనుకుంటూ ఆ పూట నేను ఎలా గడిపానో నాకే తెలుసు.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ ఆయన భార్యను ఒకే ఒక్క మాట అడిగారు: “కల్లు ఎప్పటి నుంచి బంద్ పెట్టిండు?” ఆమె వెంటనే చెప్పింది, “నిన్న పొద్దటి నుంచి సారూ. వాసన వస్తే పండ్ల డాక్టర్ తిడతడని తాగలే.”

నా ప్రశ్నకు ఆయన అబద్ధం చెప్పలేదు. మా ప్రాంతంలో తాగుడు అంటే బ్రాండీ, విస్కీ. కల్లు ఎవరి లెక్కలోనూ తాగుడు కిందికి రాదు. చెట్టు నుంచి దింపిన కల్లు అయితే వేరే మాట. కానీ దుకాణాల్లో అమ్మే కల్లులో చాలా చోట్ల కలిపేది అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్ర మందులు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించినప్పుడు అల్ప్రాజోలం పేరు మళ్ళీ పేపర్లకెక్కింది. చట్టం ప్రకారం అల్ప్రాజోలం షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మవలసినది. 2014 మార్చి నుంచి దాన్ని అమ్మే మెడికల్ షాపు రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు, ఇచ్చిన పరిమాణం విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. అదే మందును ఏ రిజిస్టర్‌లోనూ పేరు లేకుండా రోజూ సాయంత్రం సీసాల లెక్కన తీసుకునే మనిషి, ఒక్క రోజు ఒక్కసారిగా మానేస్తే వణుకు, చెమటలు, పిచ్చి మాటలు, ఫిట్స్ వస్తాయి. ఆయన నా మీద గౌరవంతో మానేసి వచ్చాడు, ఆ గౌరవమే ప్రాణం మీదికి తెచ్చింది.

అప్పటి నుంచి నా ప్రశ్నలు మార్చుకున్నాను. “కల్లు రోజుకు ఎన్ని సీసాలు? ఆఖరుకు ఎప్పుడు తాగినవ్?” అని, ఎన్ని ఇడ్లీలు తిన్నావని అడిగినంత మామూలుగా అడుగుతాను. గుట్కా సంగతి అడగవలసిన పని కూడా తక్కువే, నోరు తెరిచి మూడు వేళ్ళు నిలువుగా పెట్టమంటే రెండు వేళ్ళ దగ్గర ఆగిపోయే ఇరవై అయిదేళ్ళ కుర్రాళ్ళు ఏమి నములుతున్నారో వారి బుగ్గలే చెబుతాయి. గంజాయి మాత్రం బుగ్గలు చెప్పవు. కాలేజీ కుర్రాడు తల్లితో వస్తే, ఎక్స్‌రే పేరు చెప్పి తల్లిని కాసేపు బయట కూర్చోబెట్టాకే ఆ మాట ఎత్తుతాను. మా ఇంజెక్షన్‌లో గుండె వేగాన్ని పెంచే అడ్రినలిన్ ఎనభై వేలకు ఒక వంతు ఉంటుంది. గంజాయి తాగి అప్పటికే గుండె వేగంగా కొట్టుకుంటున్న కుర్రాడికి అది తోడైతే ఏమవుతుందో చెప్పి, పోలీసులకు గానీ ఇంట్లో గానీ చెప్పనని మాట ఇస్తే, పది మందిలో ఒకరిద్దరైనా నిజం చెబుతున్నారు. అలా చెప్పినవారి పన్ను ఆ రోజు ముట్టుకోను, ఇంకో రోజు రమ్మంటాను. మాన్పించే కేంద్రానికి వెళితే కేసవుతుందని భయపడేవారికి, చికిత్సకు స్వయంగా ముందుకొచ్చినవారికి మత్తుమందుల చట్టంలోని 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుందని, మత్తు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చని కూడా చెబుతాను.

సాటి డాక్టర్లలో కొందరు ఇదంతా మన పని కాదంటారు, పన్ను చూసి పంపితే చాలదా అంటారు. గుండె జబ్బుకు ఎకోస్ప్రిన్ అనే, రక్తం గడ్డ కట్టకుండా చూసే గోళీ వాడే పెద్దాయన, పన్ను తీస్తే రక్తం ఆగదని పక్కింటివారు చెప్పారని అయిదు రోజుల ముందే సొంతంగా మానేసి వస్తే, ఆ సంగతి అడగకుండా పన్ను మాత్రమే ఎలా చూడాలో నాకైతే తెలియదు. మామూలుగా ఒక పన్ను తీయడానికి ఆ గోళీ మానవలసిన అవసరమే లేదు. అక్కడ ఒత్తి పట్టుకుంటే రక్తం ఆగుతుంది, గుండెలో గడ్డ కడితే ఒత్తి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఆ రైతు బతికాడు. కల్లు ఒక్కసారిగా మానవద్దని, మెల్లగా తగ్గించుకోవాలని చెప్పి అక్కడి డాక్టర్ మందులు రాసిచ్చారట. నెల తిరిగాక అదే పన్ను కోసం, అక్కడి చీటీ జేబులో పెట్టుకుని మళ్ళీ వచ్చాడు. “నిన్న ఎన్ని సీసాలు?” అని అడిగాను. కాసేపు నేల చూపులు చూసి “ఒకటి సారూ” అన్నాడు. వెనక నిలబడ్డ భార్య ఆయనకు కనబడకుండా రెండు వేళ్ళు చూపించింది. నేను కాగితం మీద రెండు అని రాసుకుని, బీపీ చూశాక ఇంజెక్షన్ నింపాను.